రెండు నెలల కుక్కపిల్ల ఇంటికొచ్చాక: మొదటి వారాల్లో ఏం నేర్పాలి, ఎలా నేర్పాలి

కుక్కపిల్లను తెచ్చుకోగానే చుట్టుపక్కల వాళ్లు చెప్పే మాట ఒకటుంది: "టీకాలన్నీ అయ్యేదాకా గుమ్మం దాటించొద్దు. ఆరు నెలలు వచ్చాక ఎవరైనా ట్రైనర్‌ను పెట్టుకోండి." పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీసే విరేచనాల జబ్బు) లాంటి రోగాల భయంతో చెప్పే మాట కాబట్టి మొదటి భాగాన్ని తీసిపారేయలేం. కానీ ఈ సలహాను అక్షరాలా పాటిస్తే పిల్లకు మళ్లీ దొరకని రోజులు నాలుగు గోడల మధ్యే గడిచిపోతాయి. కొత్త మనిషిని, కొత్త శబ్దాన్ని, కొత్త వస్తువును కుక్కపిల్ల పెద్దగా భయం లేకుండా దగ్గరకు రానిచ్చే వయసు మూడో వారంలో మొదలై 12 నుంచి 14 వారాలకల్లా మూసుకుపోతుంది. టీకాల కోర్సు మాత్రం 16 వారాల దాకా సాగుతుంది. టీకాలు అయ్యాక చూద్దాం అనుకుంటే అప్పటికే ఆలస్యమైపోతుంది.

అమెరికాలో బార్ హార్బర్ అనే ఊళ్లోని జాక్సన్ ప్రయోగశాలలో చేసిన ఒక ప్రయోగం ఫలితాలు 1961లో వెలువడ్డాయి. కొన్ని కుక్కపిల్లలను కంచె వేసిన పొలంలో మనుషులు కంటపడకుండా పెంచి, వేర్వేరు వయసుల్లో వారం పాటు మనుషుల దగ్గర ఉంచారు. 14 వారాల దాకా మనిషిని ఎరగని పిల్లలు ఆ తర్వాత ఎంత ప్రయత్నించినా పూర్తిగా మచ్చికకాలేదు, అడవి జంతువుల్లాగే తప్పించుకు తిరిగాయి. మన ఇళ్లలో పిల్ల మనుషులను చూడకుండా పెరగదు, నిజమే. కానీ ఇంట్లో నలుగురిని తప్ప ఎవరినీ చూడని పిల్ల, పెద్దయ్యాక హెల్మెట్ పెట్టుకొచ్చిన డెలివరీ అబ్బాయి మీదకు దూకడానికి మూలం ఇక్కడే ఉంది.

ఇది ముఖ్యంగా హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి ఊళ్లలో ఫ్లాట్‌లో ఉంటూ, వీధిలో పుట్టిన మన దేశీ పిల్లను దత్తత తెచ్చుకున్నవాళ్ల కోసం రాస్తున్నాను. లాబ్రడార్ పిల్ల ఉన్నవాళ్లకూ ఇందులో ఏదీ మారదు.

తెచ్చే ముందు

తల్లి దగ్గర ఉన్న పిల్లను 8 వారాలు నిండకుండా విడదీయకండి. ఆ వయసు లోపు పిల్లలను అమ్మకూడదని 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనలూ చెబుతున్నాయి. తోబుట్టువులతో కుస్తీ పడుతూనే, గట్టిగా కొరికితే అవతలి పిల్ల ఆట మానేసి వెళ్లిపోతుందని అది నేర్చుకుంటుంది. ఈ పాఠం మనం చెబితే అంత తొందరగా ఎక్కదు. తల్లి లేని పిల్ల రోడ్డు మీద దొరికితే వేరే సంగతి, వెంటనే తెచ్చుకోవాల్సిందే.

పిల్ల వచ్చే ముందు రోజు నేల మీద కూర్చుని ఇల్లంతా దాని ఎత్తు నుంచి చూడండి. వేలాడే చార్జర్ వైర్లు, సింక్ కింద ఫినాయిల్ సీసా, మూలన పెట్టిన ఎలుకల మందు, కింద పడ్డ మాత్రలు అన్నీ కనిపిస్తాయి. బాల్కనీ గ్రిల్ సందులో పిల్ల తల పడుతుందంటే ఒళ్లు కూడా పట్టేస్తుంది, వల కట్టించండి.

కొనాల్సినవి తక్కువే. రెండు గిన్నెలు, తేలికైన బెల్టు, నమలడానికి గట్టి రబ్బరు బొమ్మలు రెండు మూడు, పడుకోవడానికి పాత దుప్పటి, పిల్ల లేచి నిలబడి తిరగగలిగేంత క్రేట్ (తలుపున్న చిన్న బోను) లేదా గది మూలలో చిన్న కంచె చాలు. ఇనప గొలుసు అక్కర్లేదు.

ఇంకో పని ఉంది, దీనికి డబ్బు ఖర్చు కాదు. ఇంట్లో అందరూ కూర్చుని మాటలు ఒప్పుకోండి. నాన్న "సిట్" అని, అమ్మ "కూర్చో" అని, తమ్ముడు "కూచోరా కూచోరా" అని అంటుంటే పిల్లకు ఏ మాటా అందదు. "కూర్చో", "రా", "ఆగు", "వదులు" చాలు. నాలుగూ తెలుగులోనే ఉంటే ఇంట్లో పెద్దవాళ్లూ, పనమ్మాయీ కూడా అనగలరు.

మొదటి రెండు రోజుల్లోనే డాక్టరుకు చూపించండి. వీధి పిల్లలకు కడుపులో నులిపురుగులు దాదాపు తప్పవు, నట్టల మందు పడాలి. పార్వోకు, డిస్టెంపర్ అనే మరో వైరస్ జబ్బుకు టీకాలు 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి, 3 నుంచి 4 వారాలకోసారి, 16 వారాలు వచ్చేదాకా వేయిస్తారు. రేబిస్ టీకా మూడు నెలలకు. ఈలోగా ఆటలో పిల్ల పన్ను మీకు గీరుకుని రక్తం వస్తే "పిల్లే కదా" అని వదిలేయకండి. ధారగా పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ప్రాణం దక్కదు కాబట్టి ఈ విషయంలో మొహమాటం, బద్ధకం రెండూ పనికిరావు.

మొదటి రాత్రి

నిన్నటిదాకా తల్లి పొట్టకు ఆనుకుని పడుకున్న పిల్ల ఈ రాత్రి ఒంటరిగా ఉంటుంది. ఏడుస్తుంది. హాల్లో వదిలి తలుపు వేసుకుంటే అలవాటవుతుందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. దాని క్రేట్‌ను మీ మంచం పక్కనే పెట్టి, చెయ్యి కిందకు వేలాడేస్తే అందేలా ఉంచండి. పిల్లకు వాసనే ధైర్యం, మీ పాత చొక్కా ఒకటి లోపల పరవండి. నాలుగైదు రాత్రుల్లో సర్దుకున్నాక క్రేట్‌ను రోజుకు కాస్త జరుపుతూ మీకు కావలసిన చోటికి తీసుకెళ్లొచ్చు. రాత్రి మధ్యలో లేచి కుయ్‌కుయ్‌మంటే అది ఒంటికి వచ్చిందని చెప్పడం కావచ్చు. లైట్లు వేయకుండా, ఆడించకుండా తీసుకెళ్లి, పని కాగానే మళ్లీ పడుకోబెట్టండి.

ఒంటికి, రెంటికి

నేర్పడం తిండి దగ్గర మొదలవుతుంది. గేదెపాలు, అన్నం కలిపి పెట్టడం మన అలవాటు. పాలు విడిచిన పిల్లల్లో చాలావాటికి ఆ పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. కడుపు కుదురుగా లేని పిల్లకు ఎంత నేర్పినా చాప మీదే పోతుంది. మూడు నెలల దాకా రోజుకు నాలుగుసార్లు, ఆరు నెలల దాకా మూడుసార్లు, ఒకే వేళకు పెట్టండి. గిన్నె పావుగంట ఉంచి తీసేయండి. వేళకు తిన్న పిల్ల వేళకు పోతుంది.

మెలకువగా ఉన్నప్పుడు పిల్ల ఎంతసేపు ఆపుకోగలదో తెలియడానికి ఒక మోటు లెక్క ఉంది: నెలల వయసుకు ఒకటి కలిపితే అన్ని గంటలు. రెండు నెలల పిల్లకు మూడు గంటలు. అది కూడా పై హద్దు, ఆడుతుంటే అరగంటకే వస్తుంది. నిద్ర లేచిన వెంటనే, తిన్న పది ఇరవై నిమిషాల్లో, ఆట మధ్యలో ఒక్కసారిగా ఆగినప్పుడు తీసుకెళ్లాలి. ముందుగా అది సంకేతం ఇస్తుంది. ఆడుతున్న బొమ్మను వదిలేసి, ముక్కు నేలకు ఆనించి, చిన్న వలయంలో గిరగిరా తిరుగుతుంది. ఆ రెండో చుట్టు పూర్తయ్యేలోపు మీ చేతిలో ఉండాలి.

ఎక్కడికి తీసుకెళ్లాలి? నాలుగో అంతస్తులో ఉంటూ, టీకాలు పూర్తికాని పిల్లను కింద మట్టిలో దింపలేం. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది. అందుకని బాల్కనీలోనో, బాత్‌రూమ్‌లోనో ఒక మూల ఖరారు చేసి అక్కడ న్యూస్‌పేపర్లు గానీ, పచ్చగడ్డి పరిచిన ట్రే గానీ పెట్టండి. గడ్డి ట్రే అయితే రేపు కిందకు తీసుకెళ్లినప్పుడు గడ్డి మీదే పోవాలన్న అలవాటు ముందే ఉంటుంది, కాబట్టి నా ఓటు దానికే.

అక్కడ దింపి కదలకుండా నిలబడండి, కబుర్లు చెప్పకండి. పని పూర్తయిన మరుక్షణం, అక్కడే, ఉడికించిన కోడి కార్జం ముక్క నోట్లో పెట్టి మెచ్చుకోండి. హాల్లోకి వచ్చాక ఇస్తే హాల్లోకి వచ్చినందుకు ఇచ్చారని అనుకుంటుంది.

తప్పు చోట పోసిందా? మీరు చూస్తుండగా అయితే "అయ్యో" అని ఎత్తుకుని ట్రే దగ్గరకు తీసుకెళ్లండి. తర్వాత చూస్తే తుడిచేసి ఊరుకోండి. ముక్కు తీసుకెళ్లి దాంట్లో రుద్దడం, చీపురు చూపించడం వల్ల పిల్ల ఒకటే నేర్చుకుంటుంది: మీ కళ్ల ముందు పోయకూడదని. ఆ తర్వాత సోఫా వెనక్కి వెళ్లి పోస్తుంది, ట్రే దగ్గర మీరు నిలబడితే ఆపుకుంటుంది. ఫినాయిల్‌తో తుడవకండి. మూత్రం వాసన పోదు, ఆ తడి నాకితే పిల్లకు హాని కూడా. పెంపుడు జంతువుల దుకాణాల్లో ఎంజైమ్‌లు ఉన్న లిక్విడ్ దొరుకుతుంది, లేకపోతే వెనిగర్ కలిపిన నీళ్లు వాడండి.

లోకాన్ని చేతుల్లో చూపించడం

అమెరికాలోని పశువైద్య ప్రవర్తనా నిపుణుల సంఘం 2008లోనే ఈ చిక్కుముడిని విప్పింది. మొదటి టీకా, నట్టల మందు పడి కనీసం 7 రోజులైతే పిల్లను శుభ్రమైన చోట జరిగే తరగతులకు తీసుకెళ్లొచ్చని, టీకాలు పూర్తయ్యేదాకా ఆగొద్దని చెప్పింది. మన వీధుల్లో టీకాలు లేని కుక్కలు ఎక్కువ కాబట్టి నేను ఇంకో జాగ్రత్త కలుపుతాను: కాలు నేల మీద పెట్టనివ్వకండి. చేతుల్లో, లేదా ముందుకు వేలాడేసుకున్న సంచిలో పెట్టుకుని తిప్పండి. చూడటానికీ, వినడానికీ, వాసన పట్టడానికీ నేల అక్కర్లేదు.

రోజుకు పది పదిహేను నిమిషాలు చాలు. ఒకరోజు అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ పక్కన కూర్చోండి. స్కూల్ బస్సు దిగే పిల్లలు, పాలప్యాకెట్లు వేసే అబ్బాయి, చెత్త బండి పాట, అన్నీ అక్కడికే వస్తాయి. ఇంకోరోజు లిఫ్ట్‌లో పైకీ కిందకీ. మరోరోజు ఆటోలో చిన్న సవారీ. కూరగాయల బజారు మూల, గుడి గంట వినపడే దూరం, స్కూటర్ల మెకానిక్ షాపు ఎదుటి వైపు. గడ్డం ఉన్నవాళ్లు, కర్ర పట్టుకున్న తాతలు, బురఖా వేసుకున్నవాళ్లు, గొడుగు తెరిచినవాళ్లు, హెల్మెట్‌తో ఉన్నవాళ్లు అందరూ కనపడాలి. కొత్తది కంటపడిన ప్రతిసారీ ఒక చిన్న ముక్క నోట్లోకి వెళ్లాలి.

పిల్లను పరిచయం చేయడమంటే అందరి చేతుల్లోకీ పంచడం కాదు. ఇక్కడే చాలా ఇళ్లలో మంచి ఉద్దేశంతోనే చెడు జరుగుతుంది. బంధువులొచ్చి "ఎంత ముద్దుగా ఉందో" అని లాక్కుని గట్టిగా హత్తుకుంటారు, పిల్ల బిగుసుకుపోతుంది. చెవులు వెనక్కి పడటం, తోక కాళ్ల మధ్యకు పోవడం, నిద్ర రాకుండానే ఆవలించడం, పెదాలు నాక్కోవడం, ముఖం పక్కకు తిప్పుకోవడం, ఇష్టమైన కార్జం ముక్క కూడా తినకపోవడం, ఇవన్నీ అది "చాలు" అని చెప్పే పద్ధతులు. అప్పుడు నాలుగడుగులు వెనక్కి వెళ్లండి. వచ్చినవాళ్లతో "పిన్నీ, మీరు కింద కూర్చోండి, అదే వచ్చి వాసన చూస్తుంది" అని చెప్పండి. పిల్ల తనంతట తాను రెండడుగులు ముందుకు వేయడం, పదిమంది ఎత్తుకోవడం కన్నా ఎక్కువ పని చేస్తుంది. భయపడ్డ పిల్లను దగ్గరకు తీసుకుంటే భయం ఇంకా అలవాటవుతుందనేది అపోహ. నిశ్చింతగా దగ్గరకు తీసుకోండి.

శబ్దాల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన పండుగలు కుక్కలకు పెద్ద పరీక్ష. దీపావళి టపాసులు, వినాయక నిమజ్జనం డీజే, పెళ్లి బరాత్‌లో తీన్‌మార్, వీటికి ముందే సిద్ధం చేయాలి. మా ఇంట్లో పెరిగిన ఒక గోధుమరంగు దేశీ పిల్ల మొదటిసారి కుక్కర్ విజిల్ విని మంచం కిందకు దూరి మధ్యాహ్నం దాకా రాలేదు. మర్నాటి నుంచి కుక్కర్ పెట్టగానే దాన్ని వెనక గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసి కూర్చునేదాన్ని. దూరంగా విజిల్ వినపడగానే ఒక ముక్క, మళ్లీ విజిల్, మళ్లీ ముక్క. తర్వాత తలుపు తెరిచి, ఆ తర్వాత హాల్లో కూర్చుని, అలా దగ్గరకు జరుగుతూ వచ్చాం. చివరికి విజిల్ వేస్తే అది వంటింటి వైపు చూడటం మానేసి నా చేతి వైపు చూసేది. టపాసులకూ ఇదే పద్ధతి. ఫోన్‌లో ఆ శబ్దాన్ని మీకే సన్నగా వినపడేంత తక్కువ సౌండ్‌లో పెట్టండి. ముందు శబ్దం, వెంటనే తిండి, ఈ వరుస తప్పకూడదు. పిల్ల చెవులు నిక్కించి ఊరుకుంటే రెండు రోజులకోసారి కాస్త పెంచండి, ఉలిక్కిపడితే తగ్గించండి.

మిగతా కుక్కల పరిచయం కూడా ఈ వారాల్లోనే కావాలి. టీకాలన్నీ వేయించిన, పిల్లలతో ఓపికగా ఉండే పెద్ద కుక్క ఎవరింట్లోనైనా ఉంటే వాళ్లింటికే తీసుకెళ్లండి. చెప్పులు గుమ్మం బయటే వదలండి, పార్వో చెప్పులతోనూ వస్తుంది. పిల్ల వాంతులు చేసుకుని, తిండి మానేసి, రక్తంతో విరేచనాలు అయితే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లిపోండి.

ఇంట్లో చేయాల్సిన ఇంకో పరిచయం చేతులది. రోజూ సాయంత్రం రెండు నిమిషాలు పాదం పట్టుకుని గోళ్లు తాకడం, చెవి తిప్పి చూడటం, పెదవి ఎత్తి పళ్లు చూడటం, ఒక్కో తాకిడికి ఒక్కో ముక్క. రేపు పిడుదులు తీయాలన్నా, డాక్టరు ఇంజెక్షన్ వేయాలన్నా నలుగురు పట్టుకోవాల్సిన పని ఉండదు.

కొరుకుడు

పిల్లకు 28 పాలపళ్లు ఉంటాయి, సూదుల్లా. నాలుగో నెలలో ఊడటం మొదలై, ఆరు ఏడు నెలలకు 42 గట్టి పళ్లు వస్తాయి. అప్పటిదాకా కొరకడం రోగం కాదు, పొగరు కాదు. చేతిని ఎప్పుడూ ఆటవస్తువు చేయకండి. పన్ను తగలగానే ఆట ఆపి, చెయ్యి కదలకుండా ఉంచి, బొమ్మ అందించండి. అయినా వదలకపోతే లేచి కంచె అవతలికి వెళ్లి అర నిమిషం కనపడకండి, తిరిగి వచ్చి మామూలుగా ఆడండి. తడిపి ఫ్రిజ్‌లో పెట్టిన గుడ్డ, చల్లటి క్యారెట్ చిగుళ్ల సలపరానికి హాయిగా ఉంటాయి. చిన్నపిల్లలు కేకలు వేస్తూ పరిగెత్తితే వెంటపడి పైజామా పట్టుకుంటుంది, "చెట్టులా నిలబడు నాన్నా" అని వాళ్లకూ నేర్పాలి.

సాయంత్రం ఏడు దాటాక పూనకం వచ్చినట్టు ఇల్లంతా పరిగెత్తి అందరినీ కొరుకుతోందంటే నూటికి తొంభై పాళ్లు నిద్ర చాలక. ఈ వయసులో రోజుకు 18 నుంచి 20 గంటలు నిద్ర కావాలి. ఇంటికి వచ్చేపోయేవాళ్లంతా లేపి ఆడిస్తుంటే అది ఎక్కడ పడుకుంటుంది? క్రేట్‌లోకి వెళ్లిన పిల్లను ఎవరూ ముట్టుకోకూడదని ఇంట్లో కట్టుబాటు పెట్టండి.

నాలుగు మాటలు

ఒక్కో పాఠం రెండు మూడు నిమిషాలే, రోజుకు నాలుగైదుసార్లు, తిండికి ముందు.

"కూర్చో": ముక్క ముక్కు దగ్గర పెట్టి నెమ్మదిగా తల మీదుగా వెనక్కి జరపండి. తల పైకి లేస్తే నడుము దానంతటదే కిందకు వస్తుంది. నేలకు ఆనగానే ఇవ్వండి. నడుము పట్టుకుని నొక్కకండి.

"రా": రెండడుగుల దూరం నుంచి మొదలుపెట్టండి, వచ్చిన ప్రతిసారీ పండగ చేయండి. స్నానానికో, తిట్టడానికో ఈ మాటతో పిలవకండి, మీరే వెళ్లి తెచ్చుకోండి. రేపు రోడ్డు మీద బెల్టు ఊడిపోయినప్పుడు దాని ప్రాణం కాపాడేది ఈ ఒక్క మాటే.

"వదులు": చెప్పు నోట్లో ఉంటే వెంటపడకండి, లాక్కోకండి. కార్జం ముక్క చూపించి మార్పిడి చేయండి. లాక్కోవడం అలవాటైతే పిల్ల దొరికినదాన్ని మింగేయడం నేర్చుకుంటుంది. మామిడి టెంక పేగుల్లో ఇరుక్కుంటే ఆపరేషన్ దాకా పోతుంది. కిస్‌మిస్, ద్రాక్ష, చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి విషాలు, ఉడికిన కోడి ఎముకలు విరిగి గుచ్చుకుంటాయి. పాయసం గిన్నె, పులుసు గిన్నె నాకనివ్వకండి.

"ఆగు": తలుపు తెరిచే ముందు, గిన్నె దింపే ముందు. ఒక్క క్షణంతో మొదలుపెట్టి పెంచండి.

ఒంటరిగా ఉండటం

ఇద్దరూ ఆఫీసుకు వెళ్లే ఇంట్లో ఇది మొదటి వారంలోనే మొదలవ్వాలి. మీరు పక్క గదిలోకి వెళ్లి తలుపు వేసి, పిల్ల ఏడవకముందే తిరిగి రండి. తర్వాత చెప్పులు వేసుకుని, తాళాలు తీసుకుని బయటికి వెళ్లి వెంటనే రండి. నిమిషం, ఐదు నిమిషాలు, పావుగంట. వెళ్లేటప్పుడు నమలడానికి ఏదైనా ఇవ్వండి. రెండు నెలల పిల్లను ఎనిమిది గంటలు ఒంటరిగా వదలడానికి మాత్రం ఏ శిక్షణా లేదు. మధ్యలో వచ్చి చూసే మనిషి లేకపోతే కాస్త పెద్ద కుక్కను తెచ్చుకోవడం మేలు. డాబా మీద కట్టేసి వెళ్లడం దారి కాదు. మే నెల ఎండలో అది ప్రాణం తీస్తుంది.

కిందకు దిగాక

చివరి టీకా పడి, డాక్టరు సరేనన్నాక నేల మీద నడిపించండి. ఇంట్లోనే వారం ముందు నుంచి బెల్టు, తాడు అలవాటు చేసి ఉంచితే కింద పీకులాట ఉండదు. తాడు బిగుసుకుంటే మీరు ఆగండి, వదులైతే నడవండి. వేసవిలో తారు రోడ్డు మీద మీ అరచేయి వెనక వైపు ఆనించి చూడండి, ఐదు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలూ ఉంచలేవు. తెల్లవారుజామునో, చీకటి పడ్డాకో వెళ్లండి. వీధి కుక్కలు మొరుగుతూ వస్తే పరిగెత్తకండి, పిల్లను ఎత్తుకుని వాటికి పక్కగా నిలబడి నెమ్మదిగా నడవండి.

మలం తీయడానికి సంచి వెంట ఉండాలి. లిఫ్ట్‌లో ఎవరైనా భయపడితే మీరు దిగిపోండి. కుక్కను పెంచకూడదని అపార్ట్‌మెంట్ సంఘాలు నిషేధం పెట్టలేవని జంతు సంక్షేమ మండలి 2015 మార్గదర్శకాల్లో చెప్పింది, కానీ ఆ కాగితం కన్నా శుభ్రమైన మెట్లు పొరుగువాళ్లను త్వరగా ఒప్పిస్తాయి. హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ దగ్గర కుక్కను నమోదు చేయించడం కూడా మరచిపోకండి.

ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య ఇంతవరకు నేర్చుకున్నదంతా మరచిపోయినట్టు కనిపిస్తుంది. పిలిస్తే చూసి, పక్కకు తిరిగి వెళ్లిపోతుంది. అది యవ్వనం. పొడవాటి తాడు కట్టి "రా"ను మళ్లీ రెండడుగుల నుంచి మొదలుపెట్టండి. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఎప్పుడు చేయించాలో ఈ వయసులోనే డాక్టరుతో మాట్లాడండి. గిన్నె దగ్గరకు వెళ్తే గుర్రుమంటుంటే గిన్నె తీయకుండా, దూరం నుంచే దాంట్లో ఇంకా మంచి ముక్క వేసి వెళ్లిపోతూ ఉండండి. గుర్రుమన్నందుకు కొడితే హెచ్చరించడం మానేసి నేరుగా కరుస్తుంది. వారం రెండు వారాల్లో తగ్గకపోతే ట్రైనర్ సాయం తీసుకోండి. డబ్బు కట్టే ముందు ఆయన్ను ఒకటే అడగండి: "మా పిల్ల మీ మాట వినకపోతే మీరేం చేస్తారు?" మెడ బిగించే గొలుసు, కర్ర, ఆకలితో ఉంచడం, వీటిలో ఏది వినపడినా, మీ ఎదుట శిక్షణ ఇవ్వడానికి ఒప్పుకోకపోయినా, పిల్లను తీసుకుని ఇంటికి వచ్చేయండి.